గాలి పీల్చే వేర్లు

గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ ఇప్పుడు ఆర్కిడ్ మొక్క కానుకగా వస్తోంది. పూలు రాలిపోయాక అది ఎన్ని ఇళ్ళలో బతుకుతోంది? బతికించుకోవాలంటే ముందుగా ఆ మొక్క అడవిలో ఎలా కాపురం చేస్తుందో తెలియాలి.

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా. ఆదివారం సాయంత్రం, ఇసుక వేస్తే రాలనంత జనం. మామిడి అంట్లు, బోన్సాయ్ మర్రులు, వర్మీకంపోస్టు బస్తాలు దాటుకుంటూ వస్తున్నవాళ్ళు ఒక స్టాలు ముందు మాత్రం ఆగిపోతున్నారు. బల్ల మీద వరసగా ఫెలనాప్సిస్ ఆర్కిడ్లు. విల్లులా వంగిన కాడల నిండా తెల్లవి, గులాబీవి, పసుపు మీద ఎర్రచుక్కలున్నవి. ఫోన్లు బయటికొస్తున్నాయి. ఒక చిన్నపిల్ల రేకను వేలితో తాకి "ప్లాస్టిక్‌వా?" అని వాళ్ళమ్మను అడుగుతోంది.

అరవై దాటిన ఒకావిడ తెల్లపూల కుండీని చేతిలోకి తీసుకుని, కింద పెట్టి, మళ్ళీ తీసుకుంది.

"ఇది ఎన్నాళ్ళుంటుంది బాబూ?"

"పూలు రెండు నెలలకు పైనే ఉంటాయమ్మా. ఒక్కోసారి మూడు నెలలు."

"పూల సంగతి కాదు. మొక్క సంగతి అడుగుతున్నా."

కిందటేడు కోడలు ఇలాంటిదే తెచ్చి టీవీ పక్కన పెట్టిందట. పూలున్నన్నాళ్ళూ ఇంటికొచ్చినవాళ్ళంతా దాని గురించే మాట్లాడారు. పూలు రాలాక నెల తిరక్కుండా ఆకులు వేలాడిపోయాయి. మొక్కను పైకి లాగితే లేచి చేతికొచ్చింది. వేర్లన్నీ గోధుమరంగు గుజ్జయిపోయాయి.

"నీళ్ళెలా పోసేవారమ్మా?" అడిగాడు స్టాలు కుర్రాడు.

"రోజూ పొద్దున్నే పోసేదాన్ని. ఒక్కరోజు మానలేదు. కంటికి రెప్పలా చూసుకున్నా."

ఏమనాలో తోచక అతను ఒక క్షణం ఆగాడు. "దానికి పడనిది అదేనమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఆర్కిడ్లు అమ్మేచోట కాసేపు నిలబడితే చాలు, ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో వినబడుతుంది. నిర్లక్ష్యం వల్ల పోయే ఆర్కిడ్లు తక్కువే. ఇళ్ళలో ఎక్కువగా పోయేవి అతి ప్రేమకు, అంటే అతి నీటికి. తులసికీ గులాబీకీ మందారానికీ పోసినట్టే దీనికీ పోస్తాం. మనకు తెలిసిన మొక్కలన్నీ మట్టిలో పుట్టి మట్టిలో బతికేవి. ఇది వాటి కోవలోది కాదు.

ఒకప్పుడు మనవాళ్ళకు ఆర్కిడ్ అంటే పెళ్ళి స్టేజీ మీద ఊదారంగు పూలరెమ్మ, లేదా బొకేలో నాలుగు రోజులుండే పువ్వు. ఆ ఊదారంగు డెండ్రోబియం రెమ్మలు ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వచ్చేవి. ఇప్పుడు పువ్వుతోపాటు మొక్కే ఇంటికొస్తోంది. కడియం నర్సరీల్లో దొరుకుతోంది, ఆన్‌లైన్‌లో అట్టపెట్టెలో దిగుతోంది. అపార్ట్‌మెంటు బాల్కనీలో చోటు తక్కువ, మట్టి మోయడం కష్టం కాబట్టి కుండీలో కాస్త బొగ్గుతో బతికే మొక్క అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశ సబబైనదే.

చెట్టెక్కి బతికే మొక్క

ప్రపంచంలో ఆర్కిడ్ జాతులు దాదాపు 28,000. పూలమొక్కల్లో ఇంత పెద్ద కుటుంబం ఇంకొకటి మాత్రమే ఉంది, చామంతి కుటుంబం. ఆర్కిడ్లలో సుమారు 70 శాతం నేల మీద పెరగవు. చెట్టు కొమ్మ మీదో, బెరడు నెర్రెలోనో, అక్కడక్కడా బండరాతి మీదో వేరూని ఉంటాయి.

మన పల్లెల్లో చెట్టు మీద పుట్టిన ఏ మొక్కనైనా బదనిక అనేస్తారు. అసలు బదనిక చెట్టు లోపలికి వేరు దింపి దాని రసం పీల్చుకుంటుంది. ఆర్కిడ్ అలా చేయదు. కొమ్మను కూర్చోవడానికి చోటుగా వాడుకుంటుందే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. వాన నీరు, మంచు, గాలిలోని తేమ, బెరడు పగుళ్ళలో పేరుకున్న ఆకుల పొడి, పక్షి రెట్ట. ఇంతే దాని భోజనం.

కొమ్మ మీద వాన కురిసినప్పుడు వేర్లు పూర్తిగా తడుస్తాయి. వాన వెలిసిన కొన్ని గంటల్లోనే గాలికి ఆరిపోతాయి. తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం. ఆర్కిడ్ వేరు ఈ లయకు తగ్గట్టే తయారైంది. దాని చుట్టూ వెలామెన్ అనే మెత్తటి తెల్లపొర ఉంటుంది. నీరు తగలగానే క్షణాల్లో పీల్చుకుంటుంది. ఎండి ఉన్నప్పుడు వెండిలా తెల్లగా ఉండే వేరు తడిసిందంటే పచ్చగా మారుతుంది, పొర పారదర్శకమై లోపలి పత్రహరితం కనబడుతుంది కాబట్టి. ఆకుల్లాగే వేర్లు కూడా వెలుతురుతో ఆహారం తయారుచేసుకుంటాయి. ఫెలనాప్సిస్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీల్లో అమ్మడానికి ఇదొక కారణం.

ఇలాంటి వేరును తోటమట్టిలో పాతి రోజూ నీళ్ళు పోస్తే ఏమవుతుంది? తడి ఆరదు, గాలి ఆడదు. వెలామెన్ కుళ్ళుతుంది, వేరు చచ్చిపోతుంది. వేరు పోయిన మొక్కకు నీరందదు కాబట్టి ఆకులు ముడతలు పడతాయి. చూసేవాళ్ళు దాహమనుకుని ఇంకో చెంబు పోస్తారు.

సామర్లకోట డాక్టరు, మామిడికొమ్మ పువ్వు

ఆర్కిడ్ పరాయి దేశపు పువ్వని మనలో చాలామంది నమ్మకం. గోదావరి జిల్లాల్లో పాత మామిడితోటలోకి వెళ్ళి తలెత్తి చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. లావాటి కొమ్మల మీద తోలుపట్టీల్లాంటి ఆకులు రెండు వరసల్లో అమరి, తెల్లటి వేర్లు గాలిలోకి వేలాడే మొక్క కనబడుతుంది. ఎండలు మొదలయ్యాక లేత పసుపు ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్ళు, నీలి ఊదా పెదవి ఉన్న పూలు పూస్తుంది. చక్కటి పరిమళం. శాస్త్రవేత్తలు దీన్ని వాండా టెస్సెలాటా అంటారు. ఆయుర్వేదంలో రాస్న పేరుతో వాడే మూలికల్లో ఇదీ ఒకటి.

దీని పుట్టుపూర్వోత్తరాల్లో మన సామర్లకోటకు చోటుంది. స్కాట్లాండ్ నుంచి ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి పన్నెండేళ్ళు సామర్లకోటలో ఉన్నాడు. మిరియాల తోట వేశాడు, చుట్టుపక్కల మొక్కలన్నీ సేకరించాడు. స్థానిక చిత్రకారుల్ని పెట్టుకుని ఒక్కో మొక్కనూ అచ్చంగా ఉన్నదున్నట్టు గీయించాడు. ఆ బొమ్మల్లోంచి ఎంపిక చేసినవాటితో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అనే పుస్తకం 1795 నుంచి లండన్‌లో సంపుటాలుగా వెలువడింది. మొదటి సంపుటంలోనే ఈ మామిడికొమ్మ ఆర్కిడ్ ఉంది. 1820లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కనే ఆధారం చేసుకుని వాండా అనే ప్రజాతిని నిర్వచించి, ఈ జాతికి రాక్స్‌బర్గ్ పేరు పెట్టాడు. ఈరోజు బ్యాంకాక్‌లోనూ సింగపూర్‌లోనూ బుట్టల్లో వేలాడే నీలి, ఊదా వాండాలన్నీ చేరే ప్రజాతికి మూలరూపంగా నిలిచింది మన కోస్తా చెట్ల మీది ఈ మొక్కే. ఆ బొమ్మలు గీసిన తెలుగునేల చిత్రకారుల పేర్లు కూడా పుస్తకాల్లోకి ఎక్కి ఉంటే ఎంత బాగుండేది!

> వంటింట్లో ఉన్న ఆర్కిడ్
>
> ఐస్‌క్రీములో వాడే వెనిలా కూడా ఆర్కిడ్ కాయే. మెక్సికో నుంచి తెచ్చిన వెనిలా తీగ హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో పెరిగింది, పూసింది గానీ కాయలేదు. పరాగసంపర్కం చేసే పురుగులు అక్కడ లేవు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస కుర్రవాడు చిన్న పుల్లతో పువ్వు లోపలి పొరను ఎత్తి, పుప్పొడిని బొటనవేలితో అద్దడం కనిపెట్టాడు. ఈరోజుకీ ప్రపంచమంతా వెనిలా పువ్వును చేత్తో కాయించేది ఆ పద్ధతిలోనే. ఆల్బియస్‌కు 1848లో బానిసత్వం నుంచి విముక్తి దొరికింది. అతని చేతిపని మీద దీవి సంపన్నమైంది. అతను మాత్రం 1880లో పేదవాడిగానే చనిపోయాడు.

అద్దాల మేడల్లో అంత్యక్రియలు

నెక్లెస్ రోడ్డులో ఆవిడ చేసిన పొరపాటును రెండొందల ఏళ్ళ క్రితం ఇంగ్లండ్ ధనవంతులు లక్షల మొక్కల మీద చేశారు. 19వ శతాబ్దంలో ఆర్కిడ్ అక్కడ ఒక వ్యామోహం. 1833లో ప్రదర్శనలో సీతాకోకచిలుక ఆకారపు ఆర్కిడ్ ఒకటి చూసిన డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ వాటి మోజులో పడ్డాడు. ఆయన తోటమాలిని ఒకర్ని ఏకంగా మన ఖాసీ కొండలకు పంపి ఆర్కిడ్లు తెప్పించాడు. ఆర్కిడ్ వేటగాళ్ళు దక్షిణ అమెరికా అడవుల్లో కొమ్మ మీది మొక్క కోసం చెట్టునే కూల్చారు. 1850లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హూకర్ బృందం ఖాసీ కొండల్లో నీలి వాండాలను ఏడుగురు మనుషులు మోసేంత సేకరించింది. ఇంగ్లండ్‌కు ప్రాణాలతో చేరినవి కొద్దే. మరొకరు పంపించిన ఒక మనిషి మోపు, అదీ బాగా దెబ్బతిన్న మొక్కలు, 300 పౌన్లకు అమ్ముడుపోయిందని హూకరే రాశాడు.

చేరినవీ ఎక్కువకాలం దక్కలేదు. ఉష్ణమండలం అంటే ఉడికించే ఆవిరి అనుకున్నారు. అద్దాల గదుల్లో తలుపులు బిగించి, బొగ్గు పొయ్యిలు వెలిగించి, గొట్టాల మీద నీళ్ళు చల్లి, ఊపిరాడని ఆవిరిలో మొక్కల్ని ఉంచారు. వేలకు వేలు చచ్చిపోయాయి. దారి మార్చినవాళ్ళలో ముఖ్యుడు ఆ డ్యూక్ దగ్గరే పనిచేసిన జోసెఫ్ పాక్స్‌టన్. కిటికీలు తెరిపించాడు, వేడి తగ్గించాడు, చల్లటి కొండల నుంచి వచ్చినవాటినీ వేడి లోయల నుంచి వచ్చినవాటినీ వేరువేరు గదుల్లో ఉంచాడు. చాట్స్‌వర్త్ తోటలో ఆర్కిడ్లు బతికి పూశాయి.

గాలి ఆడటం, మొక్క పుట్టిన చోటు ఎలాంటిదో తెలుసుకోవడం. పాక్స్‌టన్ చేసిన ఆ రెండు పనులే మన బాల్కనీలోనూ చేయాలి.

గాజుసీసాలో పుట్టిన విప్లవం

పెంచడం తెలిసినా పుట్టించడం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఆర్కిడ్ కాయ ఒక్కదానిలో పదిలక్షలకు పైగా గింజలున్న జాతులున్నాయి. అవి ఎంత సన్నమంటే, కాయ పగిలితే పొగలా ఎగిరిపోతాయి. కందిగింజలోనో వేరుశెనగలోనో మొలకకు కావలసిన తిండి లోపలే ఉంటుంది. ఆర్కిడ్ గింజది చద్దిమూట లేకుండా బయలుదేరిన ప్రయాణం. దారిలో ఎవరో అన్నం పెడితేనే ముందుకు సాగుతుంది. ఆ పెట్టేది ఒక శిలీంధ్రం. ఈ సంగతిని 1899లో కనిపెట్టిన ఫ్రెంచి యువకుడు నోయెల్ బెర్నార్ 36 ఏళ్ళకే కన్నుమూశాడు.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ మరో అడుగు వేశాడు. శిలీంధ్రం లేకపోతేనేం, అది ఇచ్చే చక్కెరను మనమే ఇద్దామని చక్కెర, లవణాలు కలిపిన అగర్ జెల్లీ మీద గింజలు మొలిపించాడు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ సింబిడియం ఆర్కిడ్ చిగురుకొన నుంచి కణజాలం తీసి, గాజుసీసాలో పెంచి ఒక మొక్క నుంచి ఎన్నో మొక్కలు తీయవచ్చని చూపాడు. టిష్యూకల్చర్ ఆర్కిడ్ వ్యాపారం అక్కడి నుంచే మొదలైంది. ప్రభువుల అద్దాల మేడల్లోని పువ్వు తైవాన్, నెదర్లాండ్స్, థాయ్‌లాండ్ ల్యాబుల మీదుగా కొన్ని వందల రూపాయలకు మన హాల్లోకి వచ్చిందంటే ఆ ముగ్గురి చలవే. అడవికి వాళ్ళు చేసిన మేలు ఇంకా పెద్దది. ఇప్పుడు ఒక్క అడవి మొక్కను తెంపకుండా ఎంతమంది కోరుకుంటే అన్ని ఆర్కిడ్లు పెంచవచ్చు.

> పెరటి నుంచి జాతీయ పుష్పం
>
> సింగపూర్‌లో స్థిరపడిన అర్మేనియన్ కుటుంబపు మహిళ ఆగ్నెస్ జోకిమ్. ఆమె తోటలో పుట్టిన సంకర వాండాను 1893లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ అధిపతి హెన్రీ రిడ్లీ లోకానికి పరిచయం చేశాడు. 1899లో అక్కడి పూల ప్రదర్శనలో ఆగ్నెస్‌కు బహుమతి వచ్చింది. అదే ఏడు ఆమె కన్నుమూసింది. 'వాండా మిస్ జోకిమ్'ను 1981లో సింగపూర్ తన జాతీయ పుష్పంగా ప్రకటించింది.

ఏ ఊళ్ళో ఏ మొక్క

నర్సరీలో అందంగా ఉన్నదల్లా మన ఊళ్ళో బతకదు. కొనేముందు మొక్కను చూసే చూపుతోనే మన ఇంటి కిటికీనీ చూసుకోవాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్ళు అదృష్టవంతులు. సముద్రగాలి తేమ ఆర్కిడ్‌కు ప్రాణం. ఇక్కడ నా మొదటి ఓటు డెండ్రోబియం సంకర రకాలకే. పెళ్ళి స్టేజీల మీద చూసే ఊదా, తెలుపు పూలవే ఇవి. వేడిని తట్టుకుంటాయి, వెలుతురు బాగా కోరుకుంటాయి, ఏడాదికి ఒకటి కంటే ఎక్కువసార్లు పూస్తాయి. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలే బాల్కనీ చాలు. మధ్యాహ్నం ఎండకు మాత్రం గ్రీన్‌నెట్ అడ్డు ఉండాలి. వీటి పాత కాడలు ఆకు రాల్చి బోసిగా నిలబడితే ఎండిపోయాయని చాలామంది కోసేస్తారు. అవి పచ్చగా ఉన్నంతవరకు మొక్క నీటినీ ఆహారాన్నీ వాటిలోనే దాచుకుంటుంది. కొయ్యవద్దు. పాత కాడ నుంచి కూడా పూలు రావచ్చు.

తీరంలో డాబా మీద వసారా, షేడ్‌నెట్ ఉన్నవాళ్ళు వాండా పెట్టుకోవచ్చు. ఇది కుండీయే అడగదు. చెక్కబుట్టలో పెట్టి వేలాడదీస్తే వేర్లు మూరల పొడవున గాలిలోకి దిగుతాయి. అయితే రోజూ వేర్లు పచ్చబడేదాకా తడపాలి, వేసవిలో రెండుసార్లు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్ళకు వాండా సరిపడదు.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు, అనంతపురం సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, దానికి తోడు పొడిగాలి. ఫెలనాప్సిస్‌ను ఆ రోజుల్లో బాల్కనీలో ఉంచితే ఆకులు కమిలిపోతాయి. తూర్పు కిటికీ దగ్గర, పల్చటి తెర వెనక, ఇంటిలోపలే పెంచాలి. ఏసీ గదిలో గాలి మరీ పొడిబారుతుంది. దాని కంటే ఎయిర్‌కూలర్ ఉన్న హాలు మేలు, గాలి నేరుగా మొక్కకు కొట్టకుండా చూసుకుంటే చాలు. వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగని మట్టంలో నీళ్ళుంచి, పైన కుండీ పెడితే చుట్టూ కొంత తేమ నిలుస్తుంది. ఆ నీళ్ళు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

దక్కన్ పీఠభూమికి ఒక వరం కూడా ఉంది. ఫెలనాప్సిస్‌కు కొత్త పూకాడ రావాలంటే కొన్ని వారాలపాటు చల్లదనం తగలాలి, ముఖ్యంగా రాత్రిళ్ళు. హైదరాబాద్ కార్తీక, మార్గశిర మాసాల చలి ఆ పని తనంతట తానే చేసిపెడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో మొక్కను కిటికీకి దగ్గరగా జరిపి, రాత్రి కిటికీ కాస్త తెరిచి ఉంచండి. ఆకు మొదట్లో పచ్చటి మొన కనబడితే, పైకి తిరిగి చేతిగ్లౌజు ఆకారంలో ఉంటే అది పూకాడే.

సింబిడియం మాత్రం మైదానంలో కొనొద్దు. సిక్కిం, డార్జిలింగ్ నుంచి వచ్చే ఆ పూలు ఎంత ముచ్చటగా ఉన్నా, వాటికి చల్లటి కొండ రాత్రులు కావాలి. మన దగ్గర ఆకులు పెంచుతూ ఏళ్ళకేళ్ళు పూయకుండా ఉండిపోతాయి.

నీళ్ళ చెంబు పట్టేముందు

ఇంటికి తెచ్చిన కొత్త ఫెలనాప్సిస్‌ను పూలున్నంతకాలం కదపకండి. పూలు రాలాక మాత్రం కుండీ నుంచి ఒకసారి తీసి చూడాలి. విదేశీ ల్యాబుల నుంచి వచ్చిన మొక్కల వేర్ల మధ్యలో తడినాచు గుత్తి బిగించి ఉండటం మామూలు. రవాణాలో మొక్క ఎండకుండా అది కాపాడుతుంది. ఇంట్లో అదే నాచు రోజుల తరబడి తడి పట్టి వేర్లను కుళ్ళబెడుతుంది. వేళ్ళతో సున్నితంగా విడదీసి తీసేయాలి. మెత్తబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, గట్టివాటిని ఉంచుకోవాలి.

కొత్త కుండీలో నింపడానికి కొనాల్సినది పెద్దగా లేదు. కట్టెబొగ్గు ముక్కలు, పగిలిన కుండపెంకులు, కొబ్బరి డొక్క ముక్కలు. డొక్కను రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెడితే అందులోని ఉప్పు, కషాయం పోతాయి. తీరంలో బొగ్గు, పెంకు ఎక్కువ వేయాలి, తడి త్వరగా జారిపోతుంది. హైదరాబాద్ లాంటి పొడి ఊళ్ళలో డొక్క పాలు పెంచాలి. కుండీకి అడుగునే కాదు, పక్కలకూ రంధ్రాలుండాలి. మట్టి, పేడ ఎరువు, కోకోపీట్ పొడి, ఈ మూడూ వద్దు.

ఇక నీళ్ళు. వారానికెన్నిసార్లని అందరూ అడుగుతారు. ఒకే లెక్క అందరికీ పనికిరాదు. మే నెలలో కర్నూల్లో మూడు రోజులకోసారి కావలసిన మొక్కకే శ్రావణంలో కాకినాడలో పది రోజులైనా అక్కర్లేకపోవచ్చు. కాబట్టి వేరును చూసి పోయాలి.

> వేరు చెప్పే కబురు
>
> తెల్లగా, వెండిరంగులో ఉంటే దాహం వేసింది. పోయండి.
>
> పచ్చగా ఉంటే తడి ఉంది. ఆగండి.
>
> గోధుమరంగులో మెత్తగా నొక్కుకుపోతే కుళ్ళింది. కత్తిరించి, కుండీ మార్చండి.
>
> కొనలు నల్లగా మాడి, కుండీ అంచుకు తెల్లటి పొర కడితే నీళ్ళలో ఉప్పు ఎక్కువైంది. వాననీళ్ళతో బాగా కడగండి.
>
> కుండీ బయటికి వేర్లు వస్తే కంగారుపడొద్దు. అది వాటి స్వభావం. లోపలికి కుక్కకండి.

పోసేది పొద్దున్నే పోయాలి. కుండీని సింకులో పెట్టి, అడుగు నుంచి ధారగా కారిపోయేదాకా పోసి, పూర్తిగా వడిశాకే తిరిగి చోట్లో పెట్టాలి. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవకూడదు. ఆకుల మధ్య మొవ్వులో చుక్క నిలిస్తే గుడ్డతోనో దూదితోనో అద్దేయాలి. ఫెలనాప్సిస్‌కు ఒకటే మొవ్వు ఉంటుంది. అది కుళ్ళితే మొక్క దాదాపు పోయినట్టే.

బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఇంకో జాగ్రత్త. ఆర్వో యంత్రం వృథాగా బయటికి వదిలే నీళ్ళను మొక్కలకు పోయడం మనకు అలవాటు. వాటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. ఆర్కిడ్‌కు అవి పనికిరావు. వాననీటికి మించింది లేదు. వానాకాలంలో డాబా మీద రెండు డ్రమ్ములు మూతపెట్టి నింపుకుంటే కొన్ని కుండీలకు చాలాకాలం వస్తాయి.

ఎరువు ఎంత తక్కువైతే అంత మంచిది. ఆర్కిడ్లకని దొరికే నీటిలో కరిగే ఎన్‌పీకే ఎరువును ప్యాకెట్టు మీద రాసిన మోతాదులో నాలుగోవంతు కలిపి, ముందుగా తడిపిన వేర్ల మీద పది పదిహేను రోజులకోసారి పోస్తే సరిపోతుంది. ఆకు అడుగున తెల్లటి పిండినల్లి కనబడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, తర్వాత సాయంత్రం వేళ వేపనూనె పల్చగా కొట్టాలి.

మన ఇళ్ళకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. వేసవిలో మామిడిపళ్ళ బుట్ట తెచ్చి హాల్లో మగ్గబెడతాం. పండే పళ్ళ నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు ఫెలనాప్సిస్ చాలా సున్నితం. నిన్నటిదాకా నిండుగా ఉన్న మొగ్గలు పసుపుబారి రాలిపోతాయి. బంగినపల్లి బుట్ట ఒక గదిలో, ఆర్కిడ్ మరో గదిలో ఉండాలి.

పూలు రాలాక మొదలయ్యే పెంపకం

పూలు రాలాక బోసికాడ మిగిలితే చాలామంది మొక్క పని అయిపోయిందనుకుని చెత్తబుట్టలో వేస్తారు. నాకు ఇది చూడలేనంత బాధగా ఉంటుంది. సరిగ్గా చూసుకుంటే ఫెలనాప్సిస్ ఏళ్ళ తరబడి బతికి, ఏటా పూసే మొక్క. కాడ పచ్చగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపు పైన కత్తిరిస్తే అక్కడి నుంచి కొమ్మవేసి మళ్ళీ పూయవచ్చు. మొక్క నీరసంగా ఉంటే కాడను మొదటికే తీసేసి, ఆకులూ వేర్లూ బలపడనివ్వాలి. అప్పుడప్పుడు కణుపు దగ్గర పువ్వుకు బదులు పిల్లమొక్క వస్తుంది. దానికి రెండు మూడు వేర్లు వేలెడు పొడవు పెరిగాక విడదీసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు. చుట్టాలకివ్వడానికి ఇంతకంటే మంచి కానుక నాకు తెలియదు.

కొనేటప్పుడు ముదురు నీలిరంగు ఫెలనాప్సిస్ చూసి మోసపోకండి. కాడలోకి రంగు ఎక్కించి వాటిని తయారుచేస్తారు. తర్వాతి పూత తెల్లగానే వస్తుంది.

చెట్టు మీదిది చెట్టుకే

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో 388 ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. సిక్కింలోని పాక్యాంగ్‌లో 1996 నుంచి జాతీయ ఆర్కిడ్ల పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. అస్సాంలో బిహు నాట్యం చేసే అమ్మాయిలు కొప్పులో తురుముకునే కొపౌ పువ్వు, నక్కతోక ఆర్కిడ్, ఆ రాష్ట్ర పుష్పం. అదే జాతి మన తూర్పు కనుమల్లోనూ పూస్తుంది. అరకు, పాడేరు, మారేడుమిల్లి అడవుల్లో చెట్లకేసి తలెత్తి చూసేవాళ్ళకు వాండాలు, సింబిడియం అలోయిఫోలియం, డెండ్రోబియంలు కనబడతాయి.

ఇంటి ఆర్కిడ్ల మోజు పెరిగేకొద్దీ వీటికి ముప్పు పెరుగుతుంది. అడవి మొక్కను కొమ్మ నుంచి ఊడబెరికితే వేర్లలో సగం బెరడుకే అంటుకుని తెగిపోతాయి. దానికి తిండిపెట్టే శిలీంధ్రం ఆ చెట్టు మీదే ఉండిపోతుంది. తెచ్చిన మొక్క ఎక్కువగా ఏడాది తిరక్కుండా పోతుంది, ఆ కొమ్మ మీద ఆ జాతి పోతుంది. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కింద ఉన్నాయి. ఆర్కిడ్ కుటుంబమంతా అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం జాబితాల్లో ఉంది.

అడవిది ఏదో, ల్యాబుది ఏదో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ల్యాబు మొక్కకు కుండీ, పేరుచీటీ ఉంటాయి. ఆకులు సమంగా, శుభ్రంగా, ఒకే ఈడువిగా ఉంటాయి. అడవి మొక్క ఆకుల మీద పురుగు తిన్న గుర్తులు, నాచు మరకలు ఉంటాయి. తెగిన లావాటి వేర్లకు బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి. కుండీ లేకుండా కట్టలుగా కట్టి, సంచిలో పెట్టి అమ్ముతారు.

మీ ఊళ్ళో మామిడిచెట్టు మీద వాండా ఉంటే అక్కడే ఉండనివ్వండి. కొమ్మలు నరికేటప్పుడు ఆ కొమ్మను వదిలేయమని చెప్పండి. కొండలకు విహారయాత్ర వెళ్ళినప్పుడు ఎవరైనా చెట్టు నుంచి ఊడదీసిన ఆర్కిడ్‌ను చేతికిస్తే, ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. ఇంట్లో పెంచుకోవాలనుకుంటే నర్సరీలో పేరుచీటీ ఉన్న డెండ్రోబియం ఒకటి తెచ్చుకోండి. మొదలుపెట్టడానికి తొలకరి వానల తర్వాతి నెలలు అనువైనవి.